బొట్టు పెట్టిన పటాలం

ప్లాసీ యుద్ధంలో క్లైవు గెలిచాడని మీరు బళ్ళో చదువుకుని ఉంటారు. భవానీపూర్‌లో ఆ మాట పైకి అనకండి. అక్కడ అనాదినాథ్ లాహిరి గారింటి రెండో అంతస్తులో, పన్నెండడుగుల బల్ల మీద, ఏటా జూన్ ఇరవై మూడున క్లైవు ఓడిపోతూనే ఉన్నాడు. వరసగా పదకొండేళ్ళు ఓడిపోయాడు. నిజంగానే అలా ఓడిపోయి ఉంటే మా తాత శ్రీకాకుళం నుంచి ఈ బెంగాల్ రేవుకు వచ్చేవాడూ కాదు, నేను ఈ కథ చెప్పేవాడినీ కాదు.

నా పేరు రమణబాబు. ఖిదిర్‌పూర్ డాక్‌లో క్రేన్ నడుపుతాను. వయసు యాభై నాలుగు. ఈ వయసులో బొమ్మలాటలేమిటని మా క్వార్టర్స్‌లో అందరూ అడిగేశారు కాబట్టి మీరు అడగనక్కర్లేదు. క్రేన్ ఎక్కి అరవై అడుగుల ఎత్తున కూర్చుంటే కింద మనుషులు బొటనవేలంత కనిపిస్తారు. ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని అలాగే చూస్తున్నాను. బొటనవేలంత మనిషిని ఎవరైనా చేతిలో పెడితే నాకు వింతగా అనిపించలేదు.

పెట్టినవాడు పళ్ళ డాక్టరు బరున్ సేన్. మూడేళ్ళ కిందట దవడపన్ను సలుపుతుంటే ఆయన దగ్గరికి వెళ్ళాను. నోరు తెరుచుకుని పడుకున్నాను. పక్కన పనిముట్ల పళ్ళెంలో, పట్టకార్ల మధ్య, అంగుళమున్నర సిపాయి ఒకడు తుపాకీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎర్రకోటు బాగానే ఉంది. మీసం మాత్రం ముక్కు దగ్గర బయలుదేరి చెవి దాకా జారిపోయింది. నోట్లో దూది ఉండగానే వేలు చూపించి, "మీసం వంకర" అన్నాను. డాక్టరు నా పన్ను సంగతి మర్చిపోయాడు.

"నువ్వు తిన్నగా వెయ్యగలవా?"

"వేస్తాను. ముందు పన్ను పీకండి."

అలా దిగాను ఇందులోకి. మా నాన్న అప్పలసూరి, డాక్ పని అయ్యాక, ఊళ్ళో చుట్టాల వలలకు కట్టే సీసం గుళ్ళు పోత పోసి పంపేవాడు. ఆ విద్య నాకు చిన్నప్పుడే పట్టుబడింది. గుండు పోసినవాడు మనిషిని పొయ్యలేడా? డాక్టరు పళ్ళ అచ్చులకు వాడే పిండి ఇచ్చాడు. దానితో మూసలు కట్టాను. ఊళ్ళో పాడైపోయిన వలల నుంచి సీసం తెప్పించాను. రంగులకు డాక్‌లో కొదవేమిటి? ఓడలకు రంగు వేసి అడుగంటిన డబ్బాలు పారేస్తారు. కంపెనీ సిపాయి కోటుకు ఓడ అడుగుభాగానికి వేసే ఎరుపు వేశాను. లాహిరి గారు భూతద్దం పెట్టి చూసి, "అద్భుతం! అచ్చం ఇదే ఎరుపు! ఏ గ్రంథంలో చూశావ్?" అన్నారు. ఏ ఓడ అడుగున చూశానో నేను చెప్పలేదు.

లాహిరి గారి గురించి చెప్పాలి. డెబ్బై రెండేళ్ళ మాజీ వకీలు. కోర్టు మానేసినా వాదన మానలేదు. ఇంట్లో 'సమర క్రీడా సమితి' అని పెట్టి, ముప్పై ఒక్క నిబంధనలు రాసి, దానికి తనే అధ్యక్షుడయ్యారు. అందులో ప్లాసీ ఆట ఆయన ప్రాణం. ఆ ఆటలో నవాబు పక్షం ఎప్పుడూ ఆయనదే. మీర్ జాఫర్ సంగతేమిటంటారా? పద్నాలుగో నిబంధన ప్రకారం ఆ రోజు మీర్ జాఫర్‌కు జ్వరం. బల్ల మీదికి రాడు. ఈ బెంగాల్లో మీర్ జాఫర్‌గా కూర్చునే మగవాడు దొరకడు, బొమ్మలాటలోనైనా సరే.

సమితికి ఆరు పేము కుర్చీలు. ఒక్కో కుర్చీ వీపున ఇత్తడి రేకు మీద ఒక్కో పేరు. కుర్చీ ఉన్నవాడే పాచిక వెయ్యాలి. నాకు ఒక మోడా వేశారు. మోడా అంటే ఈ ఊళ్ళో వెదురుతో అల్లే వీపులేని పీట. మూడేళ్ళు ఆ పీట మీద కూర్చుని ఆ ఆరుగురికీ తొమ్మిది వందల బొమ్మలు వేసిచ్చాను. విరిగిన చేతులు అతికించాను. నిబంధనల పుస్తకం చిరిగిపోతే కూర్చుని మళ్ళీ మొత్తం రాసిచ్చాను. పాచిక ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. కింద పడితే ఏరి ఇచ్చానంతే.

ఇంకో చిన్న సంగతి. ఇక్కడ పేరు చివర బాబు అనడం గౌరవం. వాళ్ళంతా ఒకరికొకరు ఫలానా బాబు, ఫలానా బాబు. లాహిరి గారు నాకు దాదా, అంటే అన్నగారు. నా పేరుకు ఆ బాబు పుట్టుకతోనే ఉంది. దాన్ని చక్కగా కోసి పక్కన పెట్టి నన్ను 'రొమోన్' అని పిలుస్తారు. వకీలు చదువంటే అదీ.

క్లైవు కుర్చీ భూపతి బాబుది. ఆయనకు బ్రహ్మచెవుడు. పదకొండేళ్ళూ పాచిక వేసి, ఓడిపోయి, సందేశ్ మిఠాయి తిని ఇంటికి వెళ్ళేవాడు. ఎవరు గెలిచారో కాగితం మీద రాసి చూపిస్తే, "మంచిది" అనేవాడు. మొన్న చలికాలంలో ఆయన పోయాడు. కుర్చీ ఖాళీ అయింది. ఆయన సైన్యాన్ని కొడుకు ఎవరికో అమ్మేశాడు. ఇక క్లైవు ఎవరు? మిగిలిన ఐదుగురూ చెయ్యనంటే చెయ్యనన్నారు. క్లైవుగా ఓడిపోవడం కూడా వాళ్ళకు నామోషీయే.

అప్పుడు డాక్టరు నా వైపు చూశాడు. "మన రొమోన్ ఉన్నాడుగా."

లాహిరి గారు కళ్ళజోడు సర్దుకున్నారు. వీళ్ళంతా బెంగాలీలోనే మాట్లాడతారు, మీకోసం తెలుగులో చెబుతున్నాను. "సబబే. క్లైవు మద్రాసు నుంచి తెచ్చిన సిపాయిల్లో మీ తెలుగువాళ్ళు బోలెడంతమంది. మా తాతల కాలంలో సిపాయిని తెలింగా అనే పిలిచేవారు. మీ పని మీరే చెయ్యడం న్యాయం. కానీ రొమోన్, నీ సైన్యం నువ్వే పోసుకోవాలి, నువ్వే రంగు వేసుకోవాలి. తనిఖీలో నెగ్గాలి. ఆట మర్యాదగా చివరిదాకా ఆడాలి. అప్పుడు ఆ కుర్చీ నీది. రేకు మీద నీ పేరు నేనే చెక్కిస్తాను."

మర్యాదగా అంటే ఓడిపోయి అని. అర్థమైంది నాకు. అయినా ఒప్పుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ కుర్చీ కావాలనిపించింది. మూడేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఆ మనుషులందరికీ మొహాలు వేసి, ఒక్కసారి పాచిక గలగలమనిపించకపోతే ఎలా ఉంటుందో పీట మీద కూర్చున్నవాడికే తెలుస్తుంది.

ఇరవై మంది మనుషులకు ఒక బొమ్మ లెక్కన నూట ఐదుగురు సిపాయిలు, నలభై ఐదుగురు తెల్లవాళ్ళు, గుర్రం మీద క్లైవు. నవాబుకు మాత్రం వంద మందికి ఒక బొమ్మ, లేకపోతే బల్ల కాదు, భవానీపూర్ మొత్తం పరిచినా చాలదు. నాలుగు నెలలు పోశాను, అరగదీశాను, రంగులు వేశాను. తెలింగా సిపాయిలు మావాళ్ళేనని అన్నాక ఎవరివో మొహాలు ఎందుకు వేస్తాను? మొదటి సిపాయికి మా నాన్న మొహం వేశాను, ఆ కొమ్ముల మీసంతో సహా. రెండోవాడు మా గవరయ్య చిన్నాన్న, ఎప్పుడూ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు. నలభై మంది దాకా మా క్వార్టర్స్‌లో పోయినవాళ్ళు, ఉన్నవాళ్ళు. క్లైవుకు మా షిఫ్టు ఇన్‌ఛార్జి మొహం వేశాను. దానికి నేను పెద్దగా ఆలోచించలేదు, చెయ్యే అలా పోయింది.

ఆ రోజు రానే వచ్చింది. నేను స్నానం చేసి వచ్చేసరికి నా భార్య రాణి సైన్యాన్నంతా థర్మోకోల్ చేపల పెట్టెలో, గడ్డి మధ్యన పేర్చి, మూత పెట్టి, తాడు కట్టేసింది. తాడుకు నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి.

"ఇదేటే?"

"దిష్టికి. నువ్వెల్లు మావా, ఆలీసమైపోతంది."

అంతే అనుకున్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది.

లాహిరి గారింట్లో ఆ రోజు పండగ. పన్నెండో విజయమని వీధిలోవాళ్ళను పిలిచారు. పెద్ద సందేశ్ మీద అచ్చుతో పన్నెండు అంకె వేయించారు. మేనల్లుడెవరో ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. నేను పెట్టె బల్ల పక్కన దించి తాడు విప్పాను. ఇలిశ చేపల వాసన గుప్పున కొట్టింది. బెంగాలీలు కాబట్టి ఎవరూ ముక్కు మూసుకోలేదు, ఒకాయన గట్టిగా పీల్చాడు కూడా.

లాహిరి గారు భూతద్దం తీసి మొదటి సిపాయిని ఎత్తారు. బూట్లు చూశారు, గుండీలు లెక్కపెట్టారు, తల ఊపారు. మొహం దాకా వచ్చి ఆగిపోయారు.

"ఇదేమిటి?"

వంగి చూశాను. మా నాన్న నుదుటి మీద ఆవగింజంత ఎర్రటి బొట్టు. గవరయ్య చిన్నాన్నకు బొట్టు. నూట ఐదుగురికీ బొట్టు. సరే, వీళ్ళు మనవాళ్ళు. నలభై ఐదుగురు తెల్లవాళ్ళకూ బొట్టు. క్లైవుకు మిగతావాళ్ళకంటే కాస్త పెద్ద బొట్టు. క్లైవు గుర్రానికి కూడా బొట్టు. ఫిరంగి చక్రాల కింద నిమ్మకాయ ముక్కలు.

పళ్ళ డాక్టరు నవ్వు మొదలుపెట్టి దగ్గులోకి దిగాడు. వీడియో తీస్తున్నవాడు క్లైవు దగ్గరికి జరిగాడు. నాకు చెవులు కాలిపోయాయి. వరండాలోకి వెళ్ళి రాణికి ఫోన్ చేశాను.

"ఏటి సేసినావే?"

"బొట్టెట్టినాను. మరేటి? కొత్త వస్తువు గడప దాటతంటే బొట్టెట్టకుండా పంపుతారేటి? ఫ్రిజ్జుకెట్టినాం, మిక్సీకెట్టినాం, నీ మోటారు సైకిలుకెట్టినాం. యుద్దానికెల్లే మనుసులకి ఎట్టొద్దా?"

"క్లైవుకి కూడానా?"

"ఆడెవడో నాకేటి తెల్సు? గుర్రం మీద కూకున్నాడు గదా, పెద్దోడే అనుకొని కాస్త పెద్దదెట్టినాను."

"తుడిస్తే పోతాదా?"

"పోదు. కుంకం నిలబడ్నేదు మావా. నీ డబ్బాల ఎర్రరంగు అగ్గిపుల్లతో ఎట్టేసినాను. ఓడకి పట్టిన రంగు ఈళ్ళకి పట్టదేటి? తెల్లారగట్ల లెగిసి కూకున్నాను, నడుం పడిపోనాది. ఒక్కటి సెరిగిందేటో సూడు."

ఒక్కటీ చెరగలేదు. రాణికి షుగరు. ఎడమ కంట్లో పొర. సూదిలో దారం ఎక్కించమని పక్కింటి అప్పలకొండమ్మను పిలుస్తుంది. ఆ కళ్ళతో నూట యాభై మంది నుదుళ్ళు వెతికి, ఒక్కటి కూడా ముక్కు మీదికి జారకుండా పెట్టింది. నా కుర్చీ కోసం పెట్టింది. ఫోన్ పెట్టేసి కాసేపు వరండాలోనే నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు.

లోపలికి వచ్చేసరికి లాహిరి గారు టర్పెంటైన్ సీసా, దూది సిద్ధం చేశారు. "అరగంట టైమిస్తాను. తుడిచెయ్. తెల్లవాళ్ళను ముందు తుడువు, వీడియో తీస్తున్నారు."

"రంగుతో పాటు మొహం కూడా పోతుంది దాదా."

"పోనీ. మొహాన్ని ఎవరు చూస్తారు?"

డాక్టరు దగ్గు ఆపుకుని అందుకున్నాడు. "అనాది బాబూ, సిపాయిలు నామాలు, బొట్లు పెట్టుకునేవారే కదా. వేలూరు కోటలో, పద్దెనిమిది వందల ఆరులో, బొట్లు చెరిపెయ్యాలని దొరలు ఉత్తర్వు వేస్తేనే కదా సిపాయిలు తిరగబడి కోట పట్టుకున్నది!"

"అది వేలూరు. నలభై తొమ్మిదేళ్ళ తర్వాతి సంగతి. ఇది ప్లాసీ," అన్నారు లాహిరి గారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "రొమోన్, తుడుస్తావా, లేదా?"

దూది టర్పెంటైన్‌లో ముంచాను. మా నాన్నను ఎత్తి పట్టుకున్నాను. ఆయన మీసం మెలిదిప్పుకుని నా వంకే చూస్తున్నాడు. దూది కింద పెట్టేశాను.

"తుడవను దాదా. వీళ్ళు ఇలాగే దిగుతారు."

లాహిరి గారు గడియారం చూశారు, అతిథుల్ని చూశారు, సందేశ్ మీది పన్నెండును చూశారు. క్లైవు లేకపోతే పన్నెండో విజయం లేదు. "సరే. తనిఖీ తప్పావు, కాబట్టి కుర్చీ లేదు. కానీ మనుషుల్ని పిలిచాం. ఈ పూటకి ఆడు. మోడా మీద కూర్చునే ఆడు. తర్వాత నీ పెట్టె నువ్వు తీసుకెళ్ళు."

అంటే ఓడిపోవడానికి పనికొస్తాను, కూర్చోవడానికి పనికిరాను. ఒళ్ళు మండిపోయింది. అయినా పీట లాక్కుని కూర్చున్నాను. పాచిక చేతిలోకి తీసుకున్నాను. ఎముకతో చేసిన పాచిక. మూడేళ్ళుగా నేల మీంచి ఏరి ఇస్తున్నదే, అరచేతిలో ఉంచుకుంటే బరువు వేరుగా ఉంది.

నిబంధనల పుస్తకం నా చేత్తో రాసిందని చెప్పాను కదా. ఏడో నిబంధన నాకు కంఠతా వచ్చు. "ప్రతి సేనాని తన దళాలను తన ఇష్టప్రకారం నడిపి, తుపాకీ దూరంలో ఉన్న ఏ దళం మీదనైనా కాల్పులు జరపవచ్చు." ఎవరి దళం అని లాహిరి గారు రాయలేదు. ఆయనకు ఆ ఊహే రాలేదు.

నూట ఐదుగురు సిపాయిల్నీ ఒక్కొక్కరినే పట్టుకుని వెనక్కి తిప్పాను. చాలాసేపు పట్టింది. నవాబు వైపు వీపులు, క్లైవు వైపు తుపాకులు.

"ఏం చేస్తున్నావ్?" అన్నారు లాహిరి గారు.

"పొద్దున బొట్లు తుడిచెయ్యమని ఉత్తర్వు వచ్చింది కదా దాదా. మావాళ్ళకు కోపం వచ్చింది. ఏడో నిబంధన."

పాచిక వేశాను. ఐదు. మళ్ళీ వేశాను. ఆరు. తెల్లవాళ్ళు వరసలు వరసలుగా పడిపోయారు. మూడు విడతల్లో నలభై ఐదుగురూ అయిపోయారు. క్లైవును గుర్రంతో సహా పట్టుకుని, బొట్టుతో సహా చేపల పెట్టెలో పడేశాను. మా షిఫ్టు ఇన్‌ఛార్జి ఆ గడ్డిలో వెల్లకిలా పడి చూస్తుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

బల్ల అవతల లాహిరి గారు ఐదు వందల బొమ్మలు, పన్నెండు ఏనుగులు, ముప్పై ఫిరంగులు పరుచుకుని నోరు తెరిచి కూర్చున్నారు. ఒక్క గుండు కూడా పేల్చలేదాయన. గెలిచారో లేదో ఆయనకే తెలియలేదు. చివరికి గొంతు సవరించుకున్నారు. "అంటే నీ సిపాయిలు ఇప్పుడు నవాబు పక్షమా?"

"కాదు దాదా. ఎవరి పక్షమూ కాదు. మామిడితోట మాది. మేం ఇక్కడే ఉంటాం."

ఐదింటికి టీ వచ్చేసరికి బల్ల మీది మామిడితోట, ప్లాసీలో క్లైవు దిగిన తోట, ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే గెలుపు. అది ఇరవై రెండో నిబంధన, అదీ ఆయన రాసిందే. అప్పుడు పౌరుషం వచ్చింది పెద్దమనిషికి. చొక్కా చేతులు పైకి మడిచారు. పదకొండేళ్ళలో ఆయన చొక్కా చేతులు మడవడం ఎవరూ చూడలేదట. ఏనుగుల్ని కదిపారు. ఫిరంగుల్ని దగ్గరికి తెచ్చారు. గంటలో మావాళ్ళు సగం మంది పోయారు. గవరయ్య చిన్నాన్న పోయాడు, ఆ కోపం మొహంతోనే. నాకు చెమటలు పట్టాయి.

నాలుగింటికి వాన పాచిక వెయ్యాలి. ఒకటి పడితే వాన, తుపాకిమందు కప్పుకోనివాడి ఫిరంగులు పేలవు. లాహిరి గారే వేశారు. ఒకటి పడింది. నేను జేబులోంచి డాక్ టార్పాలిన్ ముక్కలు, గోరంతవి, ముందే కత్తిరించి తెచ్చుకున్నవి, తీసి నా ఫిరంగుల మీద కప్పాను. ముప్పై ఏళ్ళు రేవులో చేసినవాడికి వానొస్తే ఏం కప్పాలో ఒకరు చెప్పాలా? లాహిరి గారి ముప్పై ఫిరంగులూ నానిపోయాయి. పాచిక అరిగిపోయిందన్నారు. బల్ల వంకరన్నారు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. ఏనుగుల్ని తోలారు. మేం కాల్చాం. ఐదింటికి టీ వచ్చింది.

మామిడితోటలో మావాళ్ళు పందొమ్మిది మంది మిగిలారు. ముందు వరసలో మా నాన్న. భవానీపూర్ చరిత్రలో మొదటిసారి నవాబు ఓడిపోయాడు, అదీ క్లైవు చేతిలో కాదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లాహిరి గారు చొక్కా చేతులు దించుకుని గుండీలు పెట్టుకున్నారు. "తనిఖీ తప్పిన సైన్యం గెలిచినా లెక్కలోకి రాదు," అని లోపలికి వెళ్ళిపోయారు. సందేశ్ మీది పన్నెండులో ఒకటి డాక్టరు తిన్నాడు, రెండు నేను తిన్నాను. పెట్టె సర్దుకుని బస్సెక్కాను.

రాణి గుమ్మంలోనే ఉంది. "గెలిసినావేటి?"

"గెలిసినాను."

"కుర్సీ ఇచ్చినారా?"

"ఇవ్వనేదు. బొట్లు తుడిసెయ్యమన్నారు, నాను తుడవనన్నాను."

"నా మూలాన పోనాదన్నమాట," అంది.

"నీ మూలాన్నే గెలిసినాను," అన్నాను. నిజమే అన్నాను గానీ, రాణి నమ్మలేదు. ఆ తర్వాత రెండు ఆదివారాలు నేను భవానీపూర్ వెళ్ళలేదు. మూడేళ్ళుగా ఆ బల్ల దగ్గరికి వెళ్ళిన అలవాటు, ఆదివారం పదింటికి చేతులు ఊరుకోవు, ఏం చెయ్యాలో తోచదు. కుర్చీ పోయినందుకు కాదు, ఆ బల్ల పోయినందుకు బాధగా ఉండేది. రాణి కుంకం భరిణె చూసినప్పుడల్లా తలదించుకునేది. అది ఇంకా బాధ.

మూడో ఆదివారం తలుపు చప్పుడైంది. లాహిరి గారు. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతున్నారు. చేతిలో బజారు సంచి.

మా ఇంట్లో ఒకటే కుర్చీ, ప్లాస్టిక్‌ది. నేను లేచి దాన్ని ఆయన వైపు జరపబోయాను. రాణి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ అందులోనే కూర్చోబెట్టేసింది. పీట తెచ్చి ఆయన ముందు వేసింది. సగం బెంగాలీ, సగం తెలుగు కలిపి, "కూకోండి బాబూ. మా ఇంట్లో కుర్సీ ఒకటే. అందల మా ఇంటాయన కూకుంటాడు," అంది.

డెబ్బై రెండేళ్ళ మోకాళ్ళు రెండూ టకటకమన్నాయి. ఆయన పీట మీద కూర్చున్నారు. సంచిలోంచి గుడ్డలో చుట్టిన ఏనుగుల్ని ఒక్కొక్కటే తీసి నేల మీద నిలబెట్టారు. పన్నెండు ఏనుగులు.

"వీటికి బొట్టు పెడతారా, బౌదీ?" అని రాణిని వదిన వరస పెట్టి అడిగారు. "నవాబుకు, ఆయన మనుషులకు వద్దు, వాళ్ళ పద్ధతి వేరు. ఏనుగులకు మాత్రం. మొన్నటి ఎరుపే పెట్టండి."

తర్వాత నా వైపు చూడకుండా, ఏనుగుతో చెప్పినట్టుగా అన్నారు. "పదకొండేళ్ళు నేనొక్కడినే ఆడుకున్నాను, రొమోన్‌బాబూ. మొన్న నాకు ప్రత్యర్థి దొరికాడు. వచ్చే ఆదివారం రా. కుర్చీ ఉంది. తనిఖీ నిబంధన కొట్టేశాను."

రాణి అగ్గిపుల్ల ఎర్రరంగులో ముంచి, మొదటి ఏనుగు కుంభస్థలం వెతుక్కుంటూ, తలెత్తకుండానే అంది. "కుర్సీ కొత్తదా బాబూ?"

"ఆయనకు కొత్తదే."

"అయితే ఆయన కూకునే ముందర ఇక్కడికి తెండి. బొట్టెట్టాల."

శనివారం సాయంత్రం జోరువాన. మెట్ల మీద ఎవరో తిట్టుకుంటున్న చప్పుడుకు బయటికి వచ్చి చూశాను. లాహిరి గారు కాళ్ళ వైపు, పళ్ళ డాక్టరు వీపు వైపు పట్టుకుని, పోయిన భూపతి బాబునే మోసుకొస్తున్నట్టు, పేము కుర్చీని ఎక్కిస్తున్నారు. క్వార్టర్స్ మొత్తం తలుపుల్లో నిలబడి చూస్తోంది. ఇత్తడి రేకు మీద కొత్తగా చెక్కిన అక్షరాలు. పేరు పూర్తిగా ఉంది.

రాణి తడి తుడిచింది. కుర్చీ నాలుగు కాళ్ళకూ పసుపు రాసింది. వీపు మీద, రేకు పైన, తెల్లవాళ్ళకు పెట్టినదానికంటే, క్లైవుకు పెట్టినదానికంటే పెద్ద బొట్టు పెట్టింది. అగ్గిపుల్ల చెవి వెనక దోపుకుని నా వైపు తిరిగింది.

"ఇప్పుడు కూకో మావా."

నేను కూర్చున్నాను.